గోవా పడవల్లోకి మా గల్లీ పైసలు

హన్మకొండలో ఏ చాయ్ కొట్టు దగ్గర నిలబడ్డా ఇప్పుడు ఒకటే ముచ్చట: గోవా, కేసినో, ప్యాకేజీ. మన దగ్గర జూదం ఆడొద్దనే 1974 గేమింగ్ చట్టం ఉంది, 2017లో పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని కూడా బంద్ పెట్టారు. అయితే ఏంటి? గోవాలో మాండోవి నదిలో తేలే కేసినో పడవల దాకా పోయి మరీ పోగొట్టుకొస్తున్నారు. గోవా ప్రభుత్వమేమో 2020లోనే తన సొంత జనం కేసినోల్లోకి పోవద్దని నిషేధం పెట్టింది. వాళ్ల ఇళ్లు పచ్చగా ఉండాలి, మునగాల్సింది మనమన్నమాట!

మా గల్లీలో ఒకాయన చిట్టీ ఎత్తుకుని పోయాడు. వచ్చాక ఇంటావిడ పుస్తెలతాడు కుదువకు పోయింది. ఆ సంగతి చెప్పడు. తిండి ఫ్రీ, మందు ఫ్రీ అని మాత్రం గంటసేపు వర్ణిస్తాడు. ఫ్రీ ఎక్కడిదయ్యా? ఆ ప్లేటు బిర్యానీ నీకు చిట్టీ మొత్తం పడింది! ఇప్పుడు కనిపించిన వాళ్లందరినీ చేబదులు అడుగుతున్నాడు. ఆయన ఫోన్ మోగితే ఎత్తాలంటే టెన్షన్.

పైగా కుర్రాళ్లు, "మన వరంగల్‌లో కూడా ఒకటి పెడితే డెవలప్ అవుతుంది అన్నా" అంటారు. గట్టి వాన పడితే కాలనీలు మునుగుతున్నాయి, ముందు ఆ నీళ్లు పోయే దారి చూడమనండిరా అంటే ఒక్కడూ వినడు.