ర్యాంకు సరే, ఫీజు మాటేంటి?

ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) ఫలితాలు వచ్చాయో లేదో, ఫోన్లు మొదలు. "సార్, మీ బాబుకి సీటు ఉంచాం. ఇవాళే పాతిక వేలు కడితే స్కాలర్‌షిప్!" మా నంబరు ఎవరిచ్చారమ్మా అంటే నవ్వు.

సరే, అలా పిలిచిన ఒక ప్రైవేటు యూనివర్సిటీకి వెళ్లాం. గేటు దగ్గర ఇంత ఫ్లెక్సీ: 'దేశంలో టాప్ 200'. తీరా చూస్తే ఎన్ఐఆర్ఎఫ్ (కేంద్ర ప్రభుత్వం ఇచ్చే కాలేజీ ర్యాంకులు) యూనివర్సిటీల జాబితాలో 151-200 బ్యాండు, అంటే ఆ రెండంకెల మధ్య ఎక్కడో. ఇంజనీరింగ్ జాబితాలో పేరే లేదు! మావాడు చదివేది ఇంజనీరింగే కదయ్యా? అసలు ఆ ర్యాంకులకి చాలావరకు లెక్కలిచ్చేది కాలేజీలే. పైగా నూటికి పది మార్కులు 'పేరుప్రతిష్ఠ'కట.

ఫీజు ఏడాదికి మూడున్నర లక్షలు. హాస్టల్ లక్షన్నర వేరే. ఏటా పెంపు ఉంటుందన్న ముక్క చివరి పేజీలో, చీమతలకాయంత అక్షరాల్లో. గోడ మీద మాత్రం ఒక్క కుర్రాడి ఫొటో, 44 లక్షల ప్యాకేజీ. మిగతా పిల్లల సంగతేంటి, మీడియన్ జీతం, అంటే వరసలో సరిగ్గా మధ్యనున్న పిల్లాడికొచ్చేది, ఎంత అని అడ్మిషన్లాయన్ని అడిగాను.

"కాఫీ తాగుతారా సార్?" అన్నాడు.

ఇంటికొచ్చి గవర్నమెంటు కాలేజీ చాలంటే మా బావగారు: "గవర్నమెంటు కాలేజీనా? నలుగురిలో ఏం చెబుతావ్?" చదువు అప్పుకి ఈఎంఐ ఆ నలుగురూ కడతారా?

మావాడేమో, "క్యాంటీన్ బాగుంది నాన్నా!"