జూమ్ పెడితే పాత ఫోటో హెచ్‌డీ అవ్వదు

ఈ వారంలో ఒకే మెసేజ్ నాకు నాలుగోసారి వచ్చింది. "ఫోటో వీడియోలకు 5 సీక్రెట్లు" అట. ప్రతి ఫోటోకీ జూమ్ పెట్టాలట, లేకపోతే జనం చూడరట. ఒక్కో ఫోటో కచ్చితంగా 3 సెకన్లే ఉండాలట. ఫోటో మీద ఇలా కెమెరా కదిపే పద్ధతిని అమెరికా డాక్యుమెంటరీ దర్శకుడు కెన్ బర్న్స్ కనిపెట్టాడట. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో అయినా చాలట, ఎంత జూమ్ చేసినా సాఫ్ట్‌వేర్ క్వాలిటీ పోనివ్వదట. చివరగా, కదలిక మెల్లగా మొదలై మెల్లగా ఆగాలట. పంపినవాళ్లంతా నాకు కావలసినవాళ్లే కాబట్టి ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఇక నా వల్ల కాదు.

కెన్ బర్న్స్ సంగతి ఒక్క ముక్కలో తేల్చేద్దాం. ఆయన కనిపెట్టలేదు. 1957లోనే కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డ్ 'సిటీ ఆఫ్ గోల్డ్' డాక్యుమెంటరీలో డాసన్ సిటీ పాత ఫోటోల మీద కెమెరా నడిపించింది. బర్న్స్ 1990లో 'ది సివిల్ వార్' సిరీస్‌తో దాన్ని అందరికీ అలవాటు చేశాడు, 2003లో ఆపిల్ తన ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఐమూవీలో ఈ ఎఫెక్ట్‌కి ఆయన పేరు పెట్టింది. ఈ పాయింట్ తప్పయినా ఎవరికీ నష్టం లేదు, వదిలేయండి.

3 సెకన్లు? ఒక్క మొహం ఉన్న ఫోటోకీ, నలభై మంది నిలబడిన పెళ్లి గ్రూప్ ఫోటోకీ ఒకటే టైమా? చూసేవాళ్లు తమ మేనత్తని వెతుక్కునేలోపే ఫోటో వెళ్లిపోతుంది.

నా కోపమంతా నాలుగో పాయింట్ మీదే, వాట్సాప్ ఫోటో చాలన్నదాని మీద. పోయిన నెల ఒక స్నేహితుడి నాయనమ్మ పెద్దకర్మకి వీడియో వేశారు. ఆవిడ వయసులో ఉన్నప్పటి ఫోటో ఇంట్లో ఒక్కటే, ఎవరిదో పెళ్లిలో తీసిన గ్రూప్ ఫోటో, ఫ్రేము కట్టించి గోడకి పెట్టింది. దాన్ని అద్దం మీదుగానే ఫోన్‌తో తీసి, ట్యూబ్‌లైట్ మెరుపుతో సహా వాట్సాప్‌లో పంపారు, అది ముగ్గురి చేతులు మారి ఎడిటర్‌కి చేరింది. హాల్లో తెర మీద ఆవిడ మొహం దగ్గరికి జూమ్ వెళ్తున్నకొద్దీ కన్ను, ముక్కుపుడక, బొట్టు అన్నీ గళ్లు గళ్లుగా కలిసిపోయాయి. ముందు వరసలో కూర్చున్న పెద్ద కొడుకు పక్కకి తిరిగి "అది అమ్మేనా?" అని అడిగాడు. ఆ మెసేజ్ రాసినవాళ్లు ఆయనకి సమాధానం చెప్పగలరా?

లెక్క చూడండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్లకి కుదించుకుపోతుంది. గ్రూప్ ఫోటో వెడల్పులో ఒక మొహం ఎనిమిదో వంతు ఉందనుకోండి, ఆవిడకి దక్కింది 200 పిక్సెళ్లు. 1920 వెడల్పున్న వీడియోలో ఆ మొహం సగం తెర నిండాలంటే 960 కావాలి. మిగతావి ఎక్కణ్ణుంచి తెస్తారు? సాఫ్ట్‌వేర్ ఉన్నవాటినే సాగదీస్తుంది. అదే ఫ్రేములోంచి తీసిన 6×4 అంగుళాల ప్రింటుని 600 డీపీఐలో (అంగుళానికి 600 పిక్సెళ్లు) స్కాన్ చేస్తే 3600×2400 వస్తుంది, ఆవిడ మొహానికి 450 పిక్సెళ్లు దక్కుతాయి. అప్పుడు కూడా 1.8 రెట్లు దాటి జూమ్ చేయకండి, 3600 అంటే 1920కి దాదాపు అన్ని రెట్లే. స్కాన్ చేసిన ఫైల్‌ని వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి, ఫోటోగా కాదు. ఎడిటర్లకి ఒక మాట: అడోబీ ప్రీమియర్ సాఫ్ట్‌వేర్‌లో స్కేల్ టు ఫ్రేమ్ సైజ్ కొట్టి, ఆ తర్వాత స్కేల్ పెంచకండి. అది ఫోటోని ముందే సీక్వెన్స్ సైజుకి, అంటే వీడియో సైజుకి కుదించేస్తుంది, కష్టపడి స్కాన్ చేసిన పిక్సెళ్లు జూమ్‌కి అందవు.

ప్రింటు దొరకదు, వాట్సాప్ ఫోటో ఒక్కటే దిక్కు అంటారా? అప్పుడు జూమ్ మానేయండి. ఫోటోని తెర మధ్యలో చిన్నగా ఉంచి, వెనక దాన్నే బ్లర్ చేసి పెట్టండి. మసక కనబడదు, మనిషి కనబడుతుంది.

ప్రతి ఫోటోకీ జూమ్ అన్న పాయింట్‌కి నా దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది కానీ, ఒప్పుకోవాల్సింది కూడా ఉంది. రిసెప్షన్‌లో ఎల్‌ఈడీ తెర మీద 300 ఫోటోలు తిరుగుతూ ఉంటే ఆటో జూమ్ పెట్టుకోండి, ఏ ఇబ్బందీ లేదు, భోజనాలకి వెళ్తూ వస్తూ చూసేదే అది. కూర్చుని చూసే వీడియోలో మాత్రం ఎటు కదలాలో ఫోటోయే చెప్తుంది. పక్కపక్కన నిలబడ్డ అన్నదమ్ములుంటే ఒకరి నుంచి ఇంకొకరికి పాన్ చేయండి, అంటే కెమెరాని పక్కకి జరపండి. చెప్పడానికేమీ లేని ఫోటోని కదపకండి, కాసేపు నిలవనివ్వండి.

ఐదోది నూటికి నూరుపాళ్లు నిజం. మెల్లగా మొదలవడం, మెల్లగా ఆగడం (ఈజ్ ఇన్, ఈజ్ అవుట్) లేకపోతే కదలిక ఫోటోని ఎవరో తోసినట్టు మొదలై గోడకి గుద్దుకున్నట్టు ఆగుతుంది. డబ్బులు తీసుకుని చేసేవాళ్లు కూడా చాలామంది దీన్ని పట్టించుకోరు. ఈ ఒక్క మాట కోసం ఆ మెసేజ్‌ని ఫార్వర్డ్ చేస్తామంటే చేయండి, నాలుగో పాయింట్ చెరిపేసి చేయండి.