పొగాకు జిల్లాలో పొగలేని పరిశ్రమ

ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో పరిశ్రమలు లేవని పేపర్లో చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. 1970లో జిల్లా పుట్టిన దగ్గర్నుంచీ ఇదే ఏడుపు. కనిగిరి వెనకబడింది, మార్కాపురం పలకలకు గిరాకీ పోయింది, వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు పొలాలకు రాలేదు, నీళ్లలో ఫ్లోరైడ్ పోలేదు, పిల్లలు హైదరాబాదు పోయారు. చూసే కళ్లుంటే మా దగ్గరా ఒక పరిశ్రమ కనబడుతుంది. దానికి గొట్టం లేదు, పొగ రాదు, కాలుష్య మండలి అనుమతి అక్కర్లేదు, వెలిగొండ నీళ్లు అసలే అక్కర్లేదు. మేడ మీద ఒక హాలు, కాసిని కంప్యూటర్లు, వేలిముద్ర మిషన్ ఒకటి, గుమ్మం మీద ఫ్లెక్సీ ఉంటే చాలు. ఆ పరిశ్రమ పేరు శిక్షణ.

ముడిసరుకు డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న పిల్లలు. ఎంత కరువొచ్చినా మా వైపు దిగుబడి తగ్గనిది అదొక్కటే. తయారయ్యే సరుకు సర్టిఫికెట్. మామూలు ఫ్యాక్టరీలో సరుకు అమ్ముడుపోకపోతే యజమాని గుండె పట్టుకుంటాడు. ఇక్కడ ఆ టెన్షన్ లేదు. అమ్ముడుపోని సరుకు ఏడాది తిరిగేసరికి మళ్లీ ముడిసరుకై, రెండు ఫొటోలు, ఆధార్ జిరాక్స్ పట్టుకుని అదే గుమ్మం ముందు నిలబడుతుంది. నిరుడు ట్యాలీ నేర్చుకున్న అబ్బాయి ఈ ఏడు మొబైల్ రిపేరు, పై ఏడు సోలార్ ప్యానెళ్లు. గిట్టుబాటు ధర అడగదు, ధర్నా చేయదు. ఇలాంటి సరుకు దొరికిన పారిశ్రామికవేత్త ఎక్కడున్నాడో చెప్పండి.

సర్కారు వారి శ్రద్ధను కూడా తక్కువ చేయకూడదు. గ్రామీణ యువత కోసం దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన 2014 సెప్టెంబరు 25న వచ్చింది, సరిగ్గా ఆయన జయంతి నాడు. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన 2015 జులై 15న, ప్రపంచ యువజన నైపుణ్య దినోత్సవం నాడు. విశ్వకర్మ పథకం 2023 సెప్టెంబరు 17న, విశ్వకర్మ జయంతి నాడు. ముహూర్తం చూడకుండా ఒక్కటీ మొదలుకాలేదు. ఉద్యోగానికి మాత్రం ఇంకా లగ్నం కుదరలేదు, మూఢమేమో. రాష్ట్రానికి సొంతంగా నైపుణ్యాభివృద్ధి సంస్థ కూడా ఉంది. కాకపోతే స్కిల్ అన్న మాట 2023 నుంచి కోర్టు వార్తల్లో బాగా నలిగింది కాబట్టి ఆ వైపు పోను. ఏ పార్టీ వాళ్లు ఇంటికొచ్చి నిలదీసినా కాఫీ ఇవ్వాలి, మా ఇంట్లో పాలు తక్కువ.

ఇక లోపలికి వెళ్లి చూద్దాం. సాఫ్ట్ స్కిల్స్ క్లాసు నడుస్తోంది. సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని, పెదవి కదపకుండా ఎద్దుల జత బేరం తెగ్గొట్టే తాత పక్కన పెరిగిన కుర్రాడికి ‘కస్టమర్‌తో ఎలా మాట్లాడాలి’ అన్న పాఠం. మొదట నవ్వాలట. తాత జన్మలో నవ్వి ఎద్దును కొన్నవాడు కాదు, నవ్వితే అవతలివాడు అయిదు వేలు పెంచుతాడు. పక్క గదిలో హోటల్ కోర్సు. పెళ్లి పంక్తిలో నాలుగొందల మందికి ఒంటి చేత్తో సాంబారు బకెట్ తిప్పి, అలిగిన వియ్యంకుడిని బతిమాలి ఇంకో బూరె వేసి, ఎవరి విస్తరి ఎండిపోతోందో అరమైలు నుంచి కనిపెట్టే అబ్బాయి అక్కడ ముళ్ల చెంచా ఎడమ వైపా కుడి వైపా అని నోట్సు రాసుకుంటున్నాడు. ఆ చెంచా పెట్టే హోటల్ కనిగిరిలో లేదు, పొదిలిలో లేదు. అదే దాని గొప్ప. ఉన్న చోటికి పనికొచ్చేది నేర్పడానికి సర్కారు దేనికి, మేనమామ చాలడూ?

నైపుణ్యం లేని జనం కాబట్టే ఇదంతా అవసరమైందని పై వాళ్లు అంటుంటారు. కొండపి, టంగుటూరు వైపు పొగాకును వేడి మీద ఎండబెట్టే బ్యారన్ల దగ్గరకు పోతే ఆ లేమి ఎంత తీవ్రంగా ఉందో తెలుస్తుంది. వర్జీనియా ఆకును బ్యారన్‌లో కట్టిన దగ్గర్నుంచి దించే దాకా దాదాపు వారం. మొదట సన్నటి వేడి మీద ఆకు పసుపెక్కాలి. ఆ రంగు నిలవాలి. తర్వాత ఆకు ఎండాలి, చివరికి ఈనె ఎండాలి. ఒక్క రాత్రి మంట తగ్గితే ఆకు చెడుతుంది, ఎక్కువైతే మాడుతుంది. రెంటిలో ఏది జరిగినా పొగాకు బోర్డు వేలంలో కొనేవాడు బేలును దాటుకుని పోతాడు, రైతు అప్పు మాత్రం అక్కడే నిలబడి ఉంటుంది. ఆ వారమంతా కునుకు తీయకుండా, థర్మామీటరు ఎంత చెప్పినా చివరికి లోపల్నుంచి వచ్చే వాసనను నమ్మి మంట సర్దే మనిషి ఒకడుంటాడు. కిందికి దించాక రంగు, మచ్చ, మందం చూసి చేతివేగంతో గ్రేడ్లు విడదీసే ఆడవాళ్లుంటారు. కాగితాల మీద వీళ్లందరి హోదా అన్‌స్కిల్డ్ లేబర్.

నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల మీద కాపలా ఉండేవాడిదీ అదే హోదా. చెక్ ట్రే ఎత్తి, మేత ఎంత మిగిలిందో, రొయ్య పేగు నిండిందో లేదో చూసి రేపటికి ఎన్ని కిలోలు వేయాలో చెబుతాడు. అర్ధరాత్రి ఏరేటర్ చప్పుడు తేడా వస్తే గాఢ నిద్రలోంచి లేచి పరిగెత్తుతాడు. ఉదయగిరిలో కర్ర ముక్కలోంచి చెంచాలు, గరిటెలు తీసి భౌగోళిక గుర్తింపు దాకా తెచ్చిన ఆడవాళ్ల సంగతి సరేసరి. వీళ్లకు పని వచ్చని ఒప్పుకుంటే చిక్కొకటి ఉంది. వచ్చినవాళ్లకు కూలి పెంచాలి. రానివాళ్లయితే శిక్షణ ఇస్తే సరిపోతుంది. ఖర్చు లెక్కలో ఏది చవకో ఆర్థిక శాఖకు ఒకరు చెప్పాలా?

విశ్వకర్మ పథకం మాత్రం ఈ చిక్కును కొంత విప్పింది. కమ్మరి, కుమ్మరి, వడ్రంగి, మంగలి, చాకలి, దర్జీ, పడవలు చేసేవాళ్లు, వలలు అల్లేవాళ్లు, పూలదండలు కట్టేవాళ్లు, ఇలా మొత్తం 18 వృత్తులు. అయిదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000, ఆ పైన అయిదు శాతం వడ్డీకి రెండు విడతల్లో మూడు లక్షల దాకా అప్పు. అప్పు, పనిముట్లు నిజంగా అక్కరకొచ్చేవే, వాటి మీద నాకు పేచీ లేదు. శిక్షణే నాకు ఆనందం కలిగించే భాగం. నెల్లూరు చిన్నబజారులో నలభై ఏళ్లుగా మల్లెలు కట్టే పెద్దమ్మను ఆ క్లాసులో ఊహించుకోండి. ఆమె ముందు పాతికేళ్ల ట్రైనరమ్మ.

“పెద్దమ్మా, ముందు పూలను మొగ్గలు వేరుగా, విచ్చినవి వేరుగా పెట్టుకోవాలి.”

“అట్నే పెడతాలే తల్లీ.”

“దారం తడిపి కట్టుకుంటే తెగదు.”

“ఓహో. ఇన్నాళ్లూ తెలవక తడుపుతా ఉన్నా.”

ట్రైనరమ్మ రెండో స్లైడు తిప్పేలోపు పెద్దమ్మ చేతిలో రెండు మూరలు తయారు. చివరి రోజు ఫారం మీద ఒక ప్రశ్న ఉంటుంది, ఈ శిక్షణ వల్ల మీరు పొందిన ప్రయోజనం ఏమిటి అని. పెద్దమ్మకు చదువు లేదు కాబట్టి ట్రైనరమ్మే రాయాలి. “మూఢంలో పెళ్లిళ్లుండవు, పూలు కొనే దిక్కుండదు. అప్పుడు గూడా రోజుకు అయిదొందలిచ్చి నేర్పిస్తారేమో అడిగి రాయమ్మా. ఎంతకాలమైనా నేర్చుకుంటా.”

ఢిల్లీలో ఎంతోమంది ఐఏఎస్‌లకు అంతుపట్టని విషయం ఈ పెద్దమ్మకు వారంలో అర్థమైంది. శిక్షణ అయ్యాక ఉద్యోగమేది అని అడిగేవాళ్లు అమాయకులు. శిక్షణే ఉద్యోగం. హాజరు పట్టీ ఉంది, యూనిఫారం ఉంది, మధ్యాహ్నం భోజనం ఉంది, పై అధికారి తనిఖీ ఉంది, అప్పుడప్పుడూ భత్యం పడుతుంది. ప్రైవేటు కంపెనీలో ఇంతకన్నా ఏముంటుంది?

భత్యం పడటం గురించి ఒక చిన్న మాట. కౌశల్ వికాస్ యోజన రికార్డులు తిరగేసిన కాగ్, అదే సర్కారు లెక్కలు తనిఖీ చేసే సంస్థ, 2025లో ఒక సంగతి బయటపెట్టింది. అభ్యర్థుల బ్యాంకు ఖాతా నంబరు ఉండాల్సిన గడిలో చాలా చోట్ల సున్నాలో, ఖాళీయో ఉన్నాయట. దీన్ని పత్రికలు లోపం అని రాశాయి. నాకు మాత్రం అందులో లోపం కనబడలేదు. ఖాతాలోకి రాబోయేది ఎంతో ముందే నిజాయతీగా రాసిన గుమాస్తాను తప్పుపట్టడం దేనికి?

ఈ పరిశ్రమకు ద్రోహం చేసేవాళ్లూ ఉన్నారు. లీడ్ బ్యాంకులు నడిపే ఆర్‌సెటీలు, అంటే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు, అలాంటివి. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన పద్ధతి అది. పాడి గేదెల గురించో, కుట్టుపని గురించో నేర్పించి ఊరుకోరు. రెండేళ్ల పాటు వెంటపడి, బ్యాంకు అప్పు ఇప్పించి, కొట్టు పెట్టారా లేదా అని అడుగుతూనే ఉంటారు. అందరికీ కాకపోయినా కొందరికి కొట్టు నిలబడుతుంది. నిలబడిన మనిషి మళ్లీ శిక్షణకు రాడు. ముడిసరుకు ఇలా దారి మళ్లిపోతే మిగతా కేంద్రాలు ఏం తిని బతకాలి?

నియామకాల దగ్గర మాత్రం నిబంధనలు గట్టివి. దీన్‌దయాళ్ పథకంలో శిక్షణ పొందిన వాళ్లలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపాలి, అందులో మూడు నెలలు నిలవాలి. కాబట్టి మూడు నెలలు ఎలాగోలా నిలబెడతారు. శ్రీసిటీ, శ్రీపెరుంబుదూరు, హైదరాబాదు మాల్. వచ్చే పది పన్నెండు వేల జీతంలో రూము అద్దె, మెస్సు, బస్సు పోగా మిగిలింది ఫోన్ రీఛార్జికి సరిపోతుంది, అమ్మకు ఫోన్ చేసి డబ్బులు పంపమని అడగడానికి. సంక్రాంతికి ఊరొచ్చిన అబ్బాయి కనుమ దాటినా బ్యాగు సర్దడు. తండ్రి అడగడు. ఆయన అడగకపోవడంలోనే అన్నీ ఉంటాయి.

ఒంగోలు స్టేషన్లో ఇంకో వింత చూడొచ్చు. మా పిల్లలు రైలెక్కుతుంటే ఒడిశా పిల్లలు దిగుతుంటారు. చీమకుర్తి గ్రానైటు పనులకు వస్తారు. ప్రపంచమంతా ఎగబడి కొనే నల్లటి గెలాక్సీ రాయి దొరికేది అక్కడే, కనిగిరి నుంచి బస్సెక్కితే పూటలో చేరుకునే దూరం. కనిగిరి కుర్రాళ్లకు రాయి కోసే వైర్‌సా నడపడం, పాలిషింగ్ మిషన్ బాగుచేయడం, క్వారీలో రాయి మీద పడకుండా పని చేసే పద్ధతి నేర్పకూడదా అని ఒక తెలివితక్కువ మిత్రుడు అడిగాడు. క్వారీల్లో పోయిన ప్రాణాల లెక్క తెలిసినవాళ్లు ఆ మూడోది నవ్వులాటగా తీసుకోరు, నేనూ తీసుకోను. అయినా మిత్రుడికి జవాబు చెప్పాలి కదా. అక్కడ పని ఉంది నాయనా. పని ఉన్న చోట శిక్షణ ఇస్తే ఒక్కసారితో అయిపోతుంది. లేని పనికి ఇస్తే ఎన్నేళ్లయినా ఇవ్వొచ్చు.

అందుకే సర్కారుకు కొన్ని మనవులు చేసుకుంటున్నాను. శిక్షణార్థిని శాశ్వత హోదాగా గుర్తించాలి. పెళ్లిచూపుల్లో అబ్బాయి ఏం చేస్తుంటాడు అని అడిగితే ట్రైనింగ్‌లో ఉన్నాడని తల్లిదండ్రులు ఇప్పటికే చెబుతున్నారు, గెజిట్‌లో పడితే కట్నం మాట కూడా ధైర్యంగా ఎత్తుతారు. దీన్‌దయాళ్ పథకానికి వయసు 15 నుంచి 35 దాకా. కాబట్టి 35 నిండిన రోజున పదవీ విరమణ సభ పెట్టి, శాలువా కప్పి, అప్పటిదాకా వచ్చిన సర్టిఫికెట్లన్నీ కలిపి లామినేషన్ చేయించి ఇవ్వాలి. ఆడవాళ్లకు 45 దాకా సర్వీసు ఉంది, సీనియారిటీ కింద వాళ్లకు ఇంక్రిమెంటు వేయాలి.

కనిగిరి నిమ్జ్, అంటే జాతీయ పెట్టుబడుల, తయారీ మండలి, సంగతి కూడా తేల్చాలి. 2011 జాతీయ తయారీ విధానం పుణ్యమా అని పామూరు, పెదచెర్లోపల్లి మండలాల్లో వేల ఎకరాల్లో పరిశ్రమలొస్తాయని విన్నాం. అప్పుడు విన్న పిల్లలకు ఇప్పుడు పిల్లలు. ఆ నేలలో ఒక మహా శిక్షణ కేంద్రం కట్టి, రాబోయే ఫ్యాక్టరీల్లో పని చేయడానికి యువతను సిద్ధం చేయొచ్చు. ఫ్యాక్టరీ వచ్చేలోపు నేర్పినవి పాతబడితే కొత్తవి నేర్పొచ్చు.

మొన్న కొండపి దగ్గర బ్యారన్ అరుగు మీద కూర్చుని ఈ మనవుల్నే రైతుకు చదివి వినిపిస్తున్నాను. ఆయన మేనల్లుడు మంట దగ్గర ఉన్నాడు, రిటైల్ సేల్స్ కోర్సు చేసి, మాల్‌లో మూడు నెలలు నిలిచి వచ్చినవాడు. ఫోన్ మోగింది. శిక్షణ కేంద్రం నుంచి ఒకమ్మాయి, వాళ్ల అభ్యర్థులు ఉద్యోగాల్లో ఉన్నారో లేదో కనుక్కునే డ్యూటీ. అబ్బాయి స్పీకర్‌లో పెట్టాడు, చేతులకు మసి.

“అన్నా, ఇంకా జాబ్‌లోనే ఉన్నారా?”

“ఉన్నామ్మా.”

“అదే కంపెనీనా?”

“కంపెనీ మారింది. ఇప్పుడు నైట్ షిఫ్ట్.”

“శాలరీ?”

“ఆకు అమ్ముడుపోతే ఇస్తానన్నాడు మా మామ.”

అవతల కీబోర్డు చప్పుడు. రాసుకుంటోంది. తర్వాత గొంతు కాస్త తగ్గించింది.

“అన్నా, మీ కాడ గ్రేడింగ్‌కి ఆడోళ్లు కావాల్నా? మా కాంట్రాక్టు ఈ నెలతో అయిపోద్ది.”