ఫోన్ బీరువాలో, బెంగ బుర్రలో

మా పక్కింటి అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. మొన్న సాయంత్రం వాళ్లింటికి వెళ్లేసరికి ఫిజిక్స్ పుస్తకం ముందేసుకుని కూర్చుంది. ఫోన్ వాళ్లమ్మ బీరువాలో పెట్టి తాళం వేసింది. అయినా అరగంటగా ఒకే లెక్క దగ్గర ఆగిపోయింది. ఏమైందమ్మా అంటే, "గ్రూపులో మార్కుల లిస్టు పెట్టేశారు ఆంటీ. అందరూ చూసే ఉంటారు" అంది.

సోషల్ మీడియా వల్ల చదువు పాడవుతోందంటే మనం గంటలు లెక్కపెడతాం. గంటలు పోతున్న మాట నిజమే. నన్ను ఎక్కువ భయపెట్టేది మాత్రం ఫోన్ చేతిలో లేనప్పటి టెన్షన్. బ్లూ టిక్ పడినా జవాబు ఎందుకు రాలేదు? నన్ను వదిలేసి వేరే గ్రూపు పెట్టుకున్నారా? లెక్క చేయాలంటే ఇచ్చిన విలువలు, సూత్రం, తర్వాతి స్టెప్పు ఒకేసారి గుర్తుండాలి. ఆ చోటంతా బెంగే ఆక్రమిస్తే మూడో స్టెప్పుకొచ్చేసరికి మొదటిది జారిపోతుంది. దాన్ని మనం బద్ధకం అంటున్నాం.

ఇది పట్నాల గొడవే అనుకోవద్దు. పల్లె పిల్లల చదువుల తీరు చూసే అసర్ 2024 సర్వేలో గ్రామీణ భారతంలోని 14-16 ఏళ్ల పిల్లల్లో 57 శాతం ఆ ముందు వారంలో స్మార్ట్‌ఫోన్‌ను చదువు కోసం వాడామన్నారు. సోషల్ మీడియా కోసం వాడామన్నవాళ్లు 76 శాతం.

మన దగ్గర ఈ బెంగను పెద్దలమే పెంచుతున్నాం. వీక్లీ టెస్ట్ మార్కులు పేర్లతో సహా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులోకి వచ్చేస్తాయి. పిల్ల బస్సు దిగేలోపే నాన్నకు తెలుసు, ఊళ్లో మేనమామకూ తెలుసు. జేఈఈ ఫలితాల రోజు ఎవరి స్టేటస్ చూసినా పర్సంటైళ్లే. నోటీసు బోర్డు కాలేజీలోనే ఉండేది, ఈ లిస్టు అన్నం కంచం దాకా వస్తోంది. దాంతో పిల్లలు క్లాసులో డౌట్ అడగడం మానేస్తున్నారు. తప్పు జవాబు చెబితే సాయంత్రానికి తన ఫొటో గ్రూపులో స్టిక్కర్ అవుతుందని ఈ అమ్మాయి భయం. డౌట్ అడగని పిల్లకు పాఠం ఎలా ఎక్కుతుంది?

ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు వాళ్లకు సోషల్ మీడియా ఖాతాలు నిషేధించింది. అలాంటి చట్టం ఇక్కడ వచ్చినా 16, 17 ఏళ్ల ఇంటర్ పిల్లలకు వర్తించదు. మార్కులు ఎవరివి వాళ్లింటికే విడిగా పంపడానికి మాత్రం చట్టమేమీ అక్కర్లేదు. వచ్చే టెస్టు నుంచే కాలేజీలు ఆ పని చేయొచ్చు.

ఆ సాయంత్రం టెస్ట్ పేపరు తీసి ఇద్దరం చూశాం. పెద్ద ప్రశ్నలో ఆ అమ్మాయి తప్పింది ఒక్క మైనస్ గుర్తు దగ్గర. లిస్టులో అది ఎక్కడా లేదు.