రాజు లేని నగరంలో ఇనుప సింహాసనం

సింహాసనం కోసం రాజవంశాలు పోరాడుకునే కల్పిత కథ ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ టీవీ ధారావాహికలో రాజధానిగా కనిపించే కింగ్స్ ల్యాండింగ్‌ను రెండో సీజన్ నుంచి ఎక్కువగా క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్‌లో చిత్రీకరించారు. సముద్రాన్ని ఒరుసుకుంటూ సుమారు రెండు కిలోమీటర్ల మేర పాతనగరాన్ని చుట్టిన ప్రాకారాన్ని, బురుజులను, ఎర్రపెంకుల ఇళ్లను చూసినవారికి ఆ ఊరిని కల్పిత కథ కోసమే కట్టారేమో అనిపించడం సహజం. ఆ పోలికకు మురిసిపోవడంలో తప్పేమీ లేదు. అయితే ఆ గోడలను ఎవరు, ఏ భయంతో కట్టుకున్నారో తెలుసుకోకుండా తిరిగివచ్చేవారు అంతకన్నా గొప్ప కథను పోగొట్టుకుంటున్నారని, పైగా అది తెరమీది కథకు పూర్తిగా ఎదురు దిశలో నడిచిన కథ అని నా అభిప్రాయం.

డుబ్రోవ్నిక్ ఒకప్పటి రగూసా గణతంత్రం. మొదట హంగేరీ రాజుకూ, తర్వాత ఒట్టోమాన్ సుల్తానుకూ కప్పం కడుతూనే, 1358 నుంచి 1808లో నెపోలియన్ సేనలు రద్దు చేసేదాకా తన పాలనను తానే నడుపుకొంది. అధికారం కొన్ని కులీన కుటుంబాల చేతిలోనే ఉండేది కాబట్టి దాన్ని నేటి అర్థంలో ప్రజాస్వామ్యం అనలేం. కానీ తమలో ఏ ఒక్కరూ రాజు కాకుండా ఆ కుటుంబాలు పడిన జాగ్రత్త అసాధారణమైనది. పాలనాధిపతి పదవీకాలం ఒక్క నెల. ఆ నెలంతా ఆయన అధికార భవనంలోనే ఉండాలి, ప్రభుత్వ పని ఉంటే తప్ప గడప దాటకూడదు. సొంత వ్యవహారాలు మరచి ప్రజల పని చూడండన్న హెచ్చరికను సభామందిరం ద్వారంపై లాటిన్‌లో చెక్కించుకున్నారు.

ఇదే జాగ్రత్త లోవ్రియెనాట్స్ కోటలో రాతిరూపం దాల్చింది. 37 మీటర్ల ఎత్తైన కొండరాతిపై నిలిచిన ఆ కోటకు శత్రువు వచ్చే వైపు గోడ మందం 12 మీటర్ల దాకా ఉంటే, నగరం వైపు 60 సెంటీమీటర్లే. కోట అధిపతి ఎప్పుడైనా ఎదురుతిరిగి నగరాన్ని చెరబట్టాలని చూస్తే, నగరం నుంచి పేల్చే ఫిరంగులకు ఆ పలుచని గోడ కూలిపోవాలన్నది వారి ఆలోచన. లోకంలోని బంగారమంతా ఇచ్చినా స్వేచ్ఛను అమ్ముకోరాదని దాని ప్రవేశద్వారంపై రాసి ఉంది. ధారావాహికలో రాజప్రాసాదమైన రెడ్ కీప్‌కు వాడుకున్నది ఈ కోటనే. నియంత పుట్టకూడదని కట్టిన కోట ఇప్పుడు ప్రేక్షకులకు నియంతల నివాసంగా గుర్తుండిపోయింది. ఎదురుగా ఉన్న లోక్రుమ్ దీవిలోని పాత మఠంలో, సందర్శకులు కూర్చుని ఫొటోలు తీసుకునేందుకు, ఆ కథలో రాజపీఠమైన ఇనుప సింహాసనం నమూనా కూడా పెట్టారు. సింహాసనమే వద్దనుకున్న నగరానికి ఇది న్యాయం కాదు.

నగరంలోని అందమైన ఆ ఇంటికప్పుల వెనుక కూడా ఒక చరిత్ర ఉంది. 1991 అక్టోబరులో మొదలైన ముట్టడిలో యుగోస్లావ్ సైన్యం కురిపించిన ఫిరంగి గుండ్లకు పాతనగరంలో సగానికి పైగా భవనాలు దెబ్బతిన్నాయి. ముదురు నారింజ రంగులో మెరిసే పెంకుల్లో ఎక్కువ భాగం ఆ తర్వాత వేసినవి; వెలిసిపోయి కనిపించేవి దాడిని తట్టుకుని మిగిలినవి. ప్రాకారంపై నడిచేవారు ఈ తేడాను కళ్లారా చూడవచ్చు.

కల్పన చరిత్ర నుంచి ఏం తీసుకుంటుంది, ఏం వదిలేస్తుంది అన్నదానికి బ్రిటన్‌లోని హేడ్రియన్ గోడ మరో ఉదాహరణ. తన కథలో రాజ్యపు ఉత్తర సరిహద్దున నిలిచే మంచుగోడకు ప్రేరణ అదేనని, ధారావాహికకు మూలమైన నవలల రచయిత జార్జ్ మార్టిన్ స్వయంగా చెప్పారు. సామాన్య శకం 122లో రోమన్లు మొదలుపెట్టిన ఆ గోడ పొడవు సుమారు 117 కిలోమీటర్లు. ఎత్తు నాలుగైదు మీటర్లు ఉండేదని అంచనా. కథలో అది రెండు వందల మీటర్లు దాటింది. పెంచడం కథకుడి హక్కు. కానీ అసలు గోడకు దాదాపు ప్రతి రోమన్ మైలుకూ ఒక ద్వారం ఉండేది. అటూ ఇటూ సాగే రాకపోకలను అదుపులో పెట్టడం కూడా దాని పని. కథ సరిహద్దు సైనికుడి భయాన్ని తీసుకుని, ఆ ద్వారాలను వదిలేసింది. మొరాకోలోని ఐత్ బెన్ హద్దూ సంగతీ అంతే. సహారాకూ మర్రకేష్‌కూ మధ్య వర్తక బిడారులు సాగిన దారిలోని ఆ మట్టికోటల ఊరు తెరపై బానిసల వ్యాపారంతో బతికే నగరంగా మారింది.

డుబ్రోవ్నిక్‌లో జనం కిక్కిరిసిపోవడానికి ధారావాహిక ఒక్కటే కారణమనడం సరికాదు; విహార నౌకల రద్దీ అంతకుముందే ఉంది. ఒకే సమయంలో రెండుకు మించి నౌకలు, 4,000కు మించి నౌకా ప్రయాణికులు రాకుండా నగరం 2019 నుంచి నియంత్రణ పెట్టుకుంది. సంఖ్యను తగ్గించడం అవసరమే, కానీ వచ్చినవారికి ఏం చెబుతున్నామన్నదీ అంతే ముఖ్యం. చారిత్రక కట్టడంలో చిత్రీకరణకు అనుమతి ఇచ్చేటప్పుడే, ఆ స్థలం అసలు చరిత్రను అక్కడే వివరించే ఏర్పాటుకయ్యే ఖర్చును నిర్మాణ సంస్థ భరించాలన్న షరతును ఒప్పందంలో చేర్చాలి. కట్టడం అందాన్ని వాడుకుని లాభపడినవారిని ఆ మాత్రం అడగడం అన్యాయమేమీ కాదు.