కంపెనీలను కలిపే ఉద్యోగం: చేరాలా, వద్దా?

ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొన్నాక ఆ రెండూ ఒక్కటిగా నడిచేలా చూసే మనిషిని ఇంటిగ్రేషన్ మేనేజర్ అంటారు. గాజువాకలో ఒకింటి కుర్రాడికి ఈ ఉద్యోగం వచ్చింది. వాళ్ళ నాన్న పరవాడ ఫార్మా సిటీలో ఒక మందుల కంపెనీలో స్టోర్స్ మేనేజరుగా చేసి రిటైరయ్యారు, ఆయనకిది సుతరామూ ఇష్టం లేదు. ఆయన మేనకోడలు రుషికొండలో ఉద్యోగం, ఇదే పనిలో ఉంది, తప్పకుండా చేరమంటుంది. కుర్రాడు పక్కనే కూర్చుని వింటున్నాడు. వాదన వీళ్ళిద్దరిదీ.

మావయ్య: నువ్వు చెప్పావని వాడు ఎగిరి గంతేస్తున్నాడు గానీ, అసలు ఏటమ్మా ఆ ఉద్యోగం? పని బాగా చేస్తే ఏడాదిలో ఆ కుర్చీ అవసరం ఉండదు, బాగా చెయ్యకపోతే ఆర్నెల్లకే తీసేస్తారు. ఫైనాన్సుకీ, హెచ్‌ఆర్‌కీ, ఐటీకీ, ప్లాంటుకీ అందరికీ జవాబు చెప్పాలి, ఒక్క డిపార్ట్‌మెంటూ చేతి కింద ఉండదు. బాధ్యత కొండంత, అధికారం గోరంత.

మేనకోడలు: అధికారం తక్కువే మావయ్యా, కాదనను. కానీ ఆ రెండు కంపెనీల్లో ఎవరి డిపార్ట్‌మెంటు సంగతి వాళ్ళు చూసుకుంటారు, మధ్యలో పడిపోయేవి ఎవరూ చూడరు. ఉద్యోగుల జీతం కొత్త కంపెనీ ఖాతాలోంచి ఒకటో తారీకున పడాలంటే హెచ్‌ఆర్ జాబితా ఇవ్వాలి, ఫైనాన్స్ బ్యాంకుకి కొత్త సంతకాలు ఇవ్వాలి, ఐటీ పేరోల్ సిస్టమ్ మార్చాలి. ముగ్గురిలో ఒక్కరు ఆలస్యం చేసినా జీతం ఆగుతుంది, అడిగితే ఎవరికి వాళ్ళు మా వైపు నుంచి అయిపోయింది అంటారు. ఆ ముగ్గురినీ ఒక గదిలో కూర్చోబెట్టి తేదీలు రాయించుకుని వెంటపడేవాళ్ళు ఉండాలా వద్దా?

మావయ్య: ఉండాలి. దానికో ప్రత్యేకమైన ఉద్యోగం ఎందుకు? కాల్టెక్స్ రిఫైనరీ ఇక్కడ 1957లో మొదలైంది, 1978లో హెచ్‌పీసీఎల్‌లో కలిసింది. భారీ పరికరాలు చేసే ఫ్యాక్టరీ బీహెచ్‌పీవీ 2008లో బీహెచ్‌ఈఎల్ చేతికొచ్చింది, 2013లో పూర్తిగా కలిసిపోయింది, బస్సెక్కితే జనం ఇవాళ్టికీ బీహెచ్‌పీవీ అనే టికెట్ అడుగుతారు. వాటికి ఇంటిగ్రేషన్ మేనేజర్ అని ఎవరైనా వచ్చారా? సీనియర్ ఆఫీసర్లే చూసుకున్నారు.

మేనకోడలు: బీహెచ్‌పీవీ సంగతి మీరే చెప్పారు కదా, చేతికొచ్చాక కలవడానికి ఐదేళ్ళు. అంత టైమ్ ఇప్పుడెవరిస్తున్నారు? డీల్ అయిన రోజునుంచే అప్పు మీద వడ్డీ నడుస్తుంది, ఫలితం ఏదీ అని షేర్‌హోల్డర్లు అడుగుతారు. 1990లలో అమెరికాలో జీఈ కంపెనీ ఫైనాన్స్ విభాగం జీఈ క్యాపిటల్ వరసపెట్టి కంపెనీలు కొన్నప్పుడు వాళ్ళకీ ఇదే అనుభవమైంది. డీల్ మాట్లాడిన టీమ్ సంతకాలు కాగానే తరవాతి డీల్‌కి వెళ్ళిపోయేది, కొన్న కంపెనీని నడపాల్సిన మేనేజరుకి తన రోజువారీ వ్యాపారమే సరిపోయేది. అందుకే కలపడం ఒక్కటే పనిగా ఒక మనిషిని పెట్టడం మొదలుపెట్టారు. సీనియర్ ఆఫీసర్ తన పనితోపాటు ఇది కూడా చేస్తే రెండూ సగం సగమే అవుతాయి, ఇది నేను కళ్ళారా చూస్తున్నాను.

మావయ్య: నేనూ చూశానమ్మా, చూశాను కనకే చెబుతున్నాను. మా కంపెనీని ఇంకో కంపెనీ కొన్నప్పుడు ముంబై నుంచి ఇలాంటి మనిషే వచ్చాడు. మంచివాడే, కష్టపడేవాడే. కానీ స్టోర్స్‌లోకి ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. మేం మిథనాల్‌ని లీటర్లలో లెక్క రాసేవాళ్ళం, వాళ్ళు కిలోల్లో. రెండొందల లీటర్ల డ్రమ్ములో మిథనాల్ నూట యాభై ఎనిమిది కిలోలు ఉంటుంది, నీళ్ళకన్నా తేలిక కదా. వాళ్ళ సిస్టమ్‌లోకి మా స్టాకు ఎక్కించేటప్పుడు అంకె అలాగే ఉంచి లీటరు తీసి కిలో పెట్టేశారు. తెల్లారేసరికి నా దగ్గర లేని సరుకు కంప్యూటర్లో ఉంది, ప్రతి డ్రమ్ముకీ నలభై రెండు కిలోలు ఎక్కువ! కొనుగోళ్ళ వాళ్ళేమో స్టాకు నిండా ఉందని ఆర్డరు ఆపేశారు, ప్రొడక్షన్ వాళ్ళేమో డ్రమ్ములేవీ అని నా మీద పడ్డారు. పైగా మందుల తయారీలో వాడే సరుకు కాబట్టి లెక్క తేడా వస్తే క్వాలిటీ వాళ్ళకి రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకోవాలి. సంతకాలు పెట్టింది నేను. అప్పటికి ఆయన ఇంకో డీల్ మీద అహ్మదాబాద్‌లో ఉన్నాడు.

(ఆయన ఈ మాట చెబుతున్నప్పుడు గొంతులో ఇంకా ఆ కోపం ఉంది. ఈ ఉద్యోగం గురించి ఎవరేం చెప్పినా, అవతలి వైపు కూర్చున్న ఇలాంటి మనిషి మాట వినకుండా దాని గురించి మాట్లాడకూడదని నా అభిప్రాయం.)

మేనకోడలు: మీకు జరిగింది అన్యాయమే మావయ్యా. కానీ అది ఉద్యోగం తప్పు కాదు, దాన్ని చెయ్యాల్సినట్టు చెయ్యకపోవడం. మెటీరియల్ మాస్టర్, అంటే సరుకుల వివరాలన్నీ ఉండే జాబితా, కలిపేటప్పుడు కోడ్ సరిపోయిందా అని ఒక్కటే చూస్తే చాలదు, కొలత, ప్యాకింగ్ సైజు, ఎక్స్‌పైరీ అన్నీ వరసగా సరిచూసుకోవాలి, తర్వాత ఉత్తుత్తి లోడ్ ఒకటి చేసి ఆ లిస్టు పట్టుకుని గోడౌన్‌లో పది డ్రమ్ములు చేత్తో లెక్కపెట్టి రావాలి. మీ స్టోర్స్‌లో మీతో ఒక్క గంట కూర్చుని ఉంటే లీటర్ల సంగతి బయటపడేది. ఈ ఉద్యోగంలో సగం పని అదే, అడగడం.

మావయ్య: అడగడానికి టైమ్ ఎక్కడుంటుంది వాడికి?

మేనకోడలు: డీల్ సంతకం అయిన రోజుకీ, డీల్ పూర్తయ్యే రోజుకీ మధ్య నెలలు ఉంటాయి, అసలు ప్లాన్ అంతా అప్పుడే. పెద్ద డీల్ అయితే వ్యాపారాల్లో పోటీ దెబ్బతినకుండా చూసే సీసీఐ అనుమతి రావాలి, అది రాకుండా రెండు కంపెనీలూ ఒకటిగా వ్యాపారం చేయకూడదు, ధరలు ఒకరికొకరు చెప్పుకోకూడదు. చేస్తే గన్ జంపింగ్ అంటారు, టర్నోవర్, ఆస్తులు, డీల్ విలువ, వీటిలో ఏది ఎక్కువైతే దాంట్లో ఒక శాతం దాకా జరిమానా పడచ్చు. అందుకని సున్నితమైన అంకెలు చూడ్డానికి క్లీన్ టీమ్ అని వేరే కొంతమందిని పెట్టుకుంటాం. ఆ నెలల్లోనే డే వన్ లిస్టు తయారవుతుంది. మొదటి రోజు పొద్దున గేటు దగ్గర సెక్యూరిటీ ఏ ఐడీ కార్డు చూసి లోపలికి పంపాలి, ఇన్‌వాయిస్ మీద ఏ జీఎస్టీ నంబరు వెయ్యాలి, అనకాపల్లి నుంచి బీ షిఫ్టుకి వచ్చే బస్సు ఎవరి ఖర్చు, అన్నీ అందులో ఉండాలి. ఉద్యోగి మొదట అడిగేది నా సీటు ఉంటుందా, తర్వాత పీఎఫ్, గ్రాట్యుటీ, ఆ తర్వాత బస్సు. పెద్ద సార్ల ప్రెజెంటేషన్లో బస్సు ఉండదు.

మావయ్య: సీటు అన్నావు కాబట్టి అడుగుతున్నాను. రెండు కంపెనీలు కలిస్తే ఇద్దరు స్టోర్స్ మేనేజర్లు, ఒక్క కుర్చీ. ఎవరు లేవాలో ఆ లిస్టు మనవాడి ల్యాప్‌టాప్‌లో ఉంటుంది. పొద్దున క్యాంటీన్లో పక్కన కూర్చుని ఇడ్లీ తిన్న మనిషి పేరు సాయంత్రం ఎక్సెల్‌లో ఎర్రరంగు. వాడు మెత్తని మనిషి, ఆ టెన్షన్ తట్టుకోగలడా?

మేనకోడలు: తట్టుకోవడం కష్టమే, నాకూ కష్టమే. ఎవరిని ఉంచాలన్నది మా నిర్ణయం కాదు, కానీ ఆ నిర్ణయం ఎప్పుడు చెబుతారు, ఎలా చెబుతారు అన్నది చాలామటుకు మా చేతుల్లో ఉంటుంది. నెలల తరబడి ఇద్దరినీ నిప్పుల మీద నిలబెట్టడం కన్నా మొదటి కొన్ని వారాల్లోనే చెప్పేయాలని పట్టుబట్టేది మేమే. యాజమాన్యం మారినా కార్మికుల సర్వీసు తెగకూడదు, షరతులు తగ్గకూడదు, లేకపోతే పరిహారం ఇవ్వాలి అని 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలోనే ఉండేది, 2025లో దాని బదులు వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. బదిలీ లెటర్లో ఆ పాత సర్వీసు లైను లేకపోతే నేను లెటర్ ముందుకు పంపను. మెత్తని మనుషులు ఈ పనిలో ఉంటేనే ఆ లైను గుర్తుంటుంది.

మావయ్య: సరే, లెటరు ఆపావు. తేదీ ఆపగలవా? అదీ నా ప్రశ్న. పైవాళ్ళు ఒకటో తారీకు అని టీవీలో చెప్పేశాక, సార్ ఇంకా కాలేదు, జరపండి అని నీ స్థాయి మనిషి చెబితే ఎవరు వింటారు?

మేనకోడలు: అసలైన చోట పట్టుకున్నారు. బ్రిటన్‌లో టీఎస్‌బీ అనే బ్యాంకుని 2015లో స్పెయిన్‌కి చెందిన సబాడెల్ కొంది. ఖాతాలన్నీ అంతకుముందు పాత యజమాని లాయిడ్స్ బ్యాంకు కంప్యూటర్ల మీద నడిచేవి, 2018 ఏప్రిల్‌లో ఒక్క వారాంతంలో కొత్త సిస్టమ్‌కి మార్చారు. పంతొమ్మిది లక్షల మంది దాకా ఖాతాల్లోకి వెళ్ళలేకపోయారు, డిసెంబరు దాకా మామూలు స్థితి రాలేదు, 2022లో 4.865 కోట్ల పౌండ్ల జరిమానా పడింది. ముందు తేదీ పెట్టుకుని అక్కణ్ణుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ వచ్చారు, సిస్టమ్ సిద్ధమైందా అన్నది తర్వాతి ప్రశ్న అయింది.

మావయ్య: అక్కడ నీలాంటివాళ్ళు లేకనా?

మేనకోడలు: ఉండే ఉంటారు. అందుకే ఈ ఉద్యోగం ఎక్కడ పడితే అక్కడ చేరమని నేను చెప్పడం లేదు. మన ఆంధ్రా బ్యాంకు చూడండి, 2020 ఏప్రిల్ 1న కార్పొరేషన్ బ్యాంకుతోపాటు యూనియన్ బ్యాంకులో కలిసింది, అదీ లాక్‌డౌన్ మధ్యలో. కలిసిన మూడు బ్యాంకులూ ఫినాకిల్ అనే బ్యాంకు సాఫ్ట్‌వేర్ మీదే నడిచేవి, అయినా సిస్టమ్స్ ఆ రోజే కలపలేదు, కాగితం మీద విలీనం ముందు, బ్రాంచీల ఐటీ తర్వాత విడతలుగా. చట్టం ప్రకారం కలిసే తేదీ వేరు, కంప్యూటర్లు కలిసే తేదీ వేరు. ఈ రెండింటినీ విడదీసి చూపించి, మొదటిది మీ ఇష్టం, రెండోదానికి ఇంత టైమ్ కావాలి అని పైవాళ్ళకి అంకెలతో చెప్పగలిగితే వింటారు. చాలామంది తేదీ జరపండి అని ఊరికే అంటారు, ఏ ముక్క జరపాలో చెప్పరు.

మావయ్య: అలా చెప్పాలంటే ప్లాంటు తెలియాలి, లెక్కలు తెలియాలి. వీడు ఎంబీఏ అయి మూడేళ్ళు, ఒక్క నెల స్టాకు క్లోజింగ్ చేసి ఎరగడు. వాడు చెబితే మాలాంటివాళ్ళమే వినం, డైరెక్టర్లు వింటారా?

మేనకోడలు: అది ఒప్పుకుంటాను. నేనూ ముందు సప్లై చైన్‌లో చేసి వచ్చాను, నాతో పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది ఫైనాన్స్ నుంచో ఆపరేషన్స్ నుంచో వచ్చినవాళ్ళే. నేరుగా మేనేజర్‌గా వద్దు. ఇంటిగ్రేషన్ ఆఫీసులో ఒక భాగానికి, కొనుగోళ్ళకో స్టోర్స్‌కో కోఆర్డినేటర్‌గా చేరమనండి. రెండు డీల్స్ చూస్తే ఏ డిపార్ట్‌మెంటు ఎలా నడుస్తుందో పదేళ్ళు ఒకే చోట కూర్చున్నా రానంతగా తెలుస్తుంది. కుర్చీ పోతుందన్నారు కదా, ఆ కుర్చీలోంచి లేచినవాళ్ళు కొన్న కంపెనీలోనే బిజినెస్ హెడ్‌గానో ప్లాంటు బాధ్యతల్లోనో కుదురుకున్నవాళ్ళున్నారు, అక్కడ అందరూ వాళ్ళకి తెలుసు కాబట్టి.

మావయ్య: కుదురుకోనివాళ్ళూ ఉంటారు కదా.

మేనకోడలు: ఉంటారు. అందుకే సంతకం పెట్టేముందు వీడు మూడు సంగతులు అడగాలి. నేను ఎవరికి రిపోర్ట్ చేస్తాను, సీఈఓకో సీఎఫ్‌ఓకో నేరుగా చెప్పే వీలుందా లేక ఐటీ కింద ఎక్కడో పడేస్తారా? వెళ్దామా ఆగుదామా అని తేల్చే మీటింగులో నా మాట రాసుకుంటారా? ప్రాజెక్టు అయ్యాక నాకు ఏ పని అని ఆఫర్ లెటర్లో ఉంటుందా? మూడోదానికి నోటిమాట చాలదు.

మావయ్య: నాలుగోది నేను చెబుతాను రాసుకో. ప్లాంటుకి వెళ్ళడానికి వాడికి అనుమతి, టైమ్ రెండూ ఇస్తారా అని అడగమను. గోడౌన్‌లోకి రాకుండా స్టాకు కలుపుతానంటే మాత్రం వాణ్ణి నేనే వెళ్ళనివ్వను.

మేనకోడలు: అది మొదటి ప్రశ్న చెయ్యాలి మావయ్యా, నాలుగోది కాదు. సోమవారం వాళ్ళ హెచ్‌ఆర్‌తో కాల్ ఉంది, మీరూ పక్కన కూర్చోండి.

మావయ్య: కూర్చుంటాను. కానీ నేనింకా ఒప్పుకోలేదు, అది గుర్తుంచుకో.