బావి సాక్ష్యం చెల్లదు

పడిన వానలో భూమిలోకి ఎంత దిగిందో తెలియక కొందరు టెన్షన్ పడుతున్నారు. అనవసరం. మన దేశంలో 1997లోనే కేంద్రం వేసిన భూగర్భజలాల అంచనా కమిటీ దీనికి శాతాలు ఖరారు చేసింది, 2015లో వాటిని సవరించారు కూడా. 1997 లెక్కన శిథిలమైన గ్రానైటు నేలైతే కురిసినదానిలో 11, అందులో బంకమట్టి ఎక్కువుంటే 8, పగుళ్లు పెద్దగా లేని బండైతే 1. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడుతుంది కాబట్టి 60 మిల్లీమీటర్లు పాతాళం ఖాతాలో జమ. ఒక్క పూటలో కుంభవృష్టిగా పడినా, వారమంతా ముసురు పట్టినా శాతం మారదు. నేలకే ఈ సంగతి తెలియక ఒకసారి తాగుతుంది, ఒకసారి వంకలోకి తోసేస్తుంది.

బావినే అడగొచ్చు కదా అంటారా? భూగర్భజల అధికారులు అడుగుతారు. వానలకు ముందూ తర్వాతా నీటిమట్టం కొలిచి, పెరిగినదాన్ని రాతి ‘విశిష్ట దిగుబడి’తో (నీళ్లు నిండిన రాతి పొర పరిమాణంలో బయటికి జారే నీటి వాటాతో) గుణిస్తారు. ఆ వానాకాలం ఎవరూ మోటారు వేయలేదనుకుందాం (అనుకోవడానికి ఖర్చేముంది?). మట్టం 2 మీటర్లు పెరిగింది. దిగుబడి 3 శాతమైతే ఇంకింది 60 మిల్లీమీటర్లు. బంకమట్టి ఉంది, 1.5 వేసుకోండి అంటే 30. తర్వాత ఏడాదంతా తోడింది 35 అయితే, మొదటి లెక్కన ఊరు ‘సురక్షితం’, రెండో లెక్కన ‘అతి వినియోగం’. పిడికెడు బంకమట్టి మీద ఊరి జాతకం!

అసలు రుచి ఇక్కడుంది. బావి చెప్పిన అంకె, శాతం చెప్పిన అంకె పక్కపక్కన పెడతారు. తేడా 20 శాతం లోపుంటే బావి మాట నిజం. అంతకు మించి తగ్గిందా, బావిని పక్కకు నెట్టి శాతం లెక్కనే 0.8తో గుణిస్తారు. మించి పెరిగిందా, 1.2తో. అంటే బావి నిజం చెప్పొచ్చు, కాకపోతే కాస్త మర్యాదగా చెప్పాలి.

అరచేతిలో టెంకాయ పెట్టుకుని బోరు పాయింటు చూపించే మనిషికి ఈ సౌకర్యం లేదు, పాపం. ఆయన చూపిన చోట దుమ్ము లేస్తే ఊరంతా నిలదీస్తుంది. గుణకాన్ని నిలదీద్దామంటే దాని ఇల్లెక్కడో ఎవరికి తెలుసు?

ఇదంతా మా చిన్నాన్నకు వివరించాను. ఆయన బోరు పది నిమిషాలు పోసి, గాలి కక్కి ఆగిపోతుంది. కాసేపు ఆలోచించి అన్నాడు: “అయితే మన మోటారుకు కూడా ఆ 1.2 పెట్టు నాయనా. చీనీ చెట్లకు ఇంకో రెండు నిమిషాలు పారుతుంది.”